బతికున్నవాడి పేరున గోధుమలు

బల్గేరియాలో మా రూసె పట్నం నడిబొడ్డున, చేపల బజారు మూల నుంచి నాటకశాల దాకా సాగే మా వీధిని ఊరంతా గోధుమల వీధి అంటుంది. మొన్న వసంతంలో మునిసిపాలిటీ ఉద్యోగి ఒకడు చంకలో ఫైలు పెట్టుకుని వచ్చాడు. పూర్వం ఇక్కడ ధాన్యపు అంగడి ఉండేదనీ, అందుకే ఆ పేరొచ్చిందనీ గోడకి రాతిపలక పెట్టిస్తామన్నాడు.

"ఏ అంగడి బాబూ? ఈ వీధిలో గుప్పెడు గోధుమలు అమ్మిన పాపాన ఎవడూ పోలేదు. ఊరికే పంచారు," అన్నాను.

"పాత కాగితాల్లో అలాగే ఉంది పెద్దాయనా," అన్నాడు.

కాగితం మీదికి అబద్ధం ఎలా ఎక్కుతుందో నాకు వాడు చెప్పక్కర్లేదు. ఒక అబద్ధాన్ని ఎక్కించిన ఇద్దరిలో నేనొకణ్ణి. ఈ వీధికి ఆ పేరు వెలికక్క వల్ల వచ్చింది. ఆవిడ పట్టిన పగ వల్ల వచ్చింది. ఆ పగలో నా వాటా నాకూ ఉంది, చివర్లో ముట్టింది కూడా.

వెలికక్కది ఇస్త్రీ పని. చేపల బజారు వెనక ఒంటిగదిలో కాపురం. ఊళ్లో పెద్దమనుషుల కాలర్లన్నీ ఆవిడ గంజిపెట్టినవే. పొట్టి మనిషి, చేతులు మాత్రం బొగ్గుల పెట్టె మోసి మోసి గట్టిపడ్డాయి. నవ్వితే వీధి చివరికి వినపడేది. ఆమె మొగుడు దోబ్రిది గచ్చుపని. ఈ మేడల మీద సింహాల తలలు, ద్రాక్షగుత్తులు, ఆడవాళ్ల ముఖాలు కనిపిస్తాయే, సగం అతని చేతివే. ఆ ముఖాల్లో దేన్ని చూసినా ముక్కు వెలికక్కదే. ఎవరైనా ఆ మాటంటే దోబ్రి చెవులు ఎర్రబడేవి.

దోబ్రికి కడుపులో పుండు. సారా వాసన చూస్తే వాంతి చేసుకునేవాడు. పనిలోకి మజ్జిగ కుండ తెచ్చుకునేవాడు. మేమంతా మధ్యాహ్నం తలో గుక్క పుచ్చుకుంటుంటే మూల కూచుని మజ్జిగ తాగేవాడు. మజ్జిగ దోబ్రి అనే పిలిచేవాళ్లం. మా ముఠాకి మేస్త్రీ అతనే, నాకు తాపీ పట్టుకోవడం నేర్పిందీ అతనే. ఇది చెప్పకుండా మిగతాది చెబితే ఇంకో అబద్ధం అవుతుంది.

మా కంట్రాక్టరు పనయోత్ మిరెవ్. ఈ వీధిలో ఏడు మేడలు వరసగా కట్టినవాడు. అప్పట్లో వీధికి పేరే లేదు, చేపల వెనక అనేవాళ్లం. మిరెవ్‌కి డబ్బు యావ లేదని కాదు గానీ దాన్ని మించిన యావ ఇంకోటుండేది. వీధి తన పేరు మీద ఉండాలి. మేడలు పూర్తికాకముందే పిలిచినవాళ్లకీ పిలవనివాళ్లకీ చెప్పేవాడు, "రేప్పొద్దున మనవళ్లు పనయోత్ మిరెవ్ వీధిలో నడుస్తారు," అని.

బాల్కన్ యుద్ధానికి ఐదేళ్ల ముందు సంగతి ఇది. ఐదో మేడకి పరంజా కట్టింది ఇలియా, నేను. నాకప్పుడు ఇరవై రెండేళ్లు. మూడో అంతస్తులో ఒక పలక పుచ్చిపోయి ఉంది. బొటనవేలితో నొక్కితే వేలు లోపలికి దిగిపోయింది.

"దొరా, ఈ పలక మార్చాలి," అన్నాను.

"ఈ వారం గడవనీరా. బరువైనవాణ్ణి ఎక్కించకు," అన్నాడు మిరెవ్.

దోబ్రి బక్కవాడు. కాబట్టి దోబ్రి ఎక్కాడు. సింహం మూతికి మీసాలు దిద్దుతుండగా పలక విరిగింది. సున్నం బాల్చీతో సహా కిందికొచ్చాడు. మేం దిగేసరికి ఊపిరి లేదు.

మిరెవ్ వచ్చి ముందు పలక చూశాడు. తర్వాత మనిషిని చూశాడు. వరస ఇదే, నా కళ్లతో చూశాను. అప్పుడు మా ఇద్దరి వంకా తిరిగాడు.

"పరంజా కట్టిందెవరు?"

"మేమే దొరా. కానీ మీతో చెప్పాం కదా..."

"నాకేం చెప్పలేదు. జైలుకి పోయేది మీరు. అర్థమైందా? లేదూ, వాడు తాగి ఎక్కాడంటారా, ఎవరి తప్పూ లేదు. ఒరే గెన్కో, మేస్త్రీ చోటు ఇప్పుడు ఖాళీయే కదా."

జేబులోంచి సారా బుడ్డి తీసి దోబ్రి చొక్కా మీద ఒంపాడు. నేను చూస్తూ నిలబడ్డాను. సాయంత్రం మేజిస్ట్రేటు ముందు ఇలియా, నేను సంతకాలు పెట్టాం. తాగి పడ్డాడు అని కాగితం మీదికెక్కింది. సోమవారం నుంచి నేను మేస్త్రీని.

శవానికి స్నానం చేయించింది వెలికక్కే. చొక్కా విప్పగానే ముక్కు దగ్గర పెట్టుకుంది. తర్వాత వంగి మొగుడి నోరు వాసన చూసింది. చుట్టూ ఉన్న ఆడవాళ్లు వెర్రెత్తిందనుకున్నారు.

"సారా గుడ్డకుంది, నోటికి లేదు. బతుకంతా చొక్కాలు ఉతికి ఇస్త్రీ చేసినదాన్ని, ఆమాత్రం తెలీదా నాకు?" అంది.

ఎవరూ పట్టించుకోలేదు. కాగితం మీద ఉన్నదే నిజమైంది. ఫాదరు అంత్యక్రియల్లో సారా చేసే చెడు గురించి అరగంట మాట్లాడాడు. సారా కొట్లో నవ్వులు. "మజ్జిగ దోబ్రి కూడా నేర్చాడ్రోయ్!" అని. ఆ నవ్వుల్లో నా నవ్వు కూడా ఉంది, సిగ్గులేకుండా.

మాలో పోయినవాళ్ల పేరున గోధుమలు ఉడికించి, ఆరబెట్టి, వాల్‌నట్ పప్పు పొడి, చక్కెర, దాల్చినచెక్క కలిపి చెంచాడు చెంచాడు పంచుతారు. అరచెయ్యి చాపి పుచ్చుకుని, నోట్లో వేసుకుని, "దేవుడు క్షమించుగాక" అనాలి. వద్దనడమన్నది లేదు. శత్రువు పెట్టినా చెయ్యి చాపాల్సిందే. దోబ్రి నలభయ్యో రోజున వెలికక్క పంచుతుంటే ఒక బండివాడు తిని, మూతి తుడుచుకుంటూ, "తాగుబోతు దోబ్రిని దేవుడు క్షమించుగాక" అన్నాడు. వాడు ఎగతాళికి అనలేదు. నిజమనుకునే అన్నాడు. ఆ మాటకే ఆవిడ గిన్నె కింద పెట్టి తిన్నగా మిరెవ్ ఇంటికి వెళ్లింది. మేడ మెట్ల కింద నేనున్నాను.

"మా ఆయన తాగలేదు. చర్చి మెట్ల మీద నిలబడి నలుగురి ముందు ఆ ఒక్కమాట చెప్పండి. ఇంకేం అడగను," అంది.

"పోయినవాడి గొడవ ఇప్పుడెందుకమ్మాయ్? ఇంటికి పో."

"పోయినవాడు చెప్పుకోలేడు కాబట్టే మిమ్మల్ని అడుగుతున్నా."

"నేను చచ్చినా చెప్పను," అన్నాడు మిరెవ్.

"అయితే చచ్చినట్టే లెక్క," అంది వెలికక్క. నా వంక ఒకసారి చూసి వెళ్లిపోయింది.

ఆ శనివారం పొద్దున్నే పెద్ద గిన్నెతో వీధి మూల నిలబడింది. మళ్లీ మొగుడికే కాబోలు అనుకుని జనం చేతులు చాపారు. తిన్నారు, అనవలసిన మాట అన్నారు. తర్వాత చాకలి మరియోలా మాటవరసకి అడిగింది, "ఈవాళ ఎవరి పేరునే వెలికా?" అని.

"పనయోత్ మిరెవ్ పేరున."

అప్పుడే మిరెవ్ ఎదురుగుండా గుర్రబ్బండి ఎక్కుతున్నాడు, నిక్షేపంలా. మరియోలాకి నోట్లో గింజలు మింగాలో ఉమ్మాలో తెలియలేదు. గోధుమలు ఉమ్మకూడదు మరి. మింగింది. శిలువ గుర్తు వేసుకుంది. బతికుండగానే తద్దినం పెట్టడమంటే ఇదే. గొయ్యి తవ్వి పక్కన నిలబడ్డట్టు.

ఫాదరు పరుగెత్తుకొచ్చాడు. "వెలికా, బతికున్న మనిషి పేరున పెట్టడం మహాపాపం!"

"తాగని మనిషిని తాగుబోతని పూడ్చడం పాపం కాదేం ఫాదర్‌గారూ? ఆ పాపం ముందు కడగండి, దీని సంగతి తర్వాత చూద్దాం."

ఫాదరు గడ్డం నిమురుకుంటూ వెళ్లిపోయాడు. మా మతంలో ఫాదర్లకి పెళ్లిళ్లుంటాయి; పై శనివారానికి ఆయన భార్యే వచ్చి చెయ్యి చాపింది. నిజం చెప్పాలంటే వెలికక్క వాల్‌నట్లు పిసినారితనం లేకుండా వేసేది.

అలా వారం వారం. మిరెవ్ తుమ్మితే వీధి చెవులు నిక్కబొడుచుకునేది. వాడికి పడిశం పడితే బండివాళ్లు "గోధుమలు పనిచేస్తున్నాయ్" అనుకునేవారు. మొదట్లో వాడు నవ్వాడు. తర్వాత శనివారాలు ఊళ్లో ఉండటం మానేశాడు. తర్వాత పోలీసుని పంపాడు. ఆ పోలీసు, గోధుమలు పంచొద్దనే చట్టం తనకి తెలిసి లేదని చెప్పి, రెండు చెంచాలు తిని వెళ్లాడు.

ఇక నా సంగతి. వెలికక్క మూల నుంచి మూలకి నడిచేది. బండివాళ్లకి, చేపలమ్మేవాళ్లకి, ముష్టివాళ్లకి, మిరెవ్ ఇంట్లో వంటమనిషికి, అందరికీ పెట్టేది. నా దగ్గరికి రాగానే గిన్నె ఈ చంకలోంచి ఆ చంకలోకి మారేది. నన్ను దాటి పక్కవాడికి పెట్టేది. నేను చాపిన చెయ్యి గాల్లో ఉండిపోయేది. మొదటిసారి పొరపాటనుకున్నారు. నాలుగోసారికి వీధి మొత్తానికి అర్థమైంది. నేనేం చేశానో ఎవరూ అడగలేదు, అడగాల్సిన పని లేకుండా పోయింది.

"వెళ్లి ఆ మాట చెప్పేసిరాదూ? నీ నోటి ముత్యాలేం రాలిపోవుగా," అనేది మా ఆవిడ స్తోయ్నా.

"మేస్త్రీ పని పోతుందే."

"పోతే పోనీ. అద్దంలో మొహమైనా చూసుకుంటావు."

నేను చెప్పలేదు. ఆ తర్వాత కొన్నేళ్లకి ఇలియా యుద్ధానికి పోయి తిరిగిరాలేదు. సాక్షుల్లో నేనొక్కణ్ణే మిగిలాను.

యుద్ధానికి ముందే, గోధుమలు మొదలైన మూడో ఏడు శరదృతువులో మిరెవ్ కోరిక తీరింది. మునిసిపాలిటీ తీర్మానం చేసింది, పనయోత్ మిరెవ్ వీధి అని. నీలం రేకు మీద తెల్లక్షరాలు. ఆదివారం చర్చి వదిలాక బ్యాండుమేళం, మేయరు, రేకు మీద ఎర్రగుడ్డ. మిరెవ్ మీసాలకి మైనం రాసుకుని మేయరు పక్కన నిలబడ్డాడు. ఊరు ఊరంతా అక్కడే. జనంలోంచి వెలికక్క నల్ల తలగుడ్డ కట్టుకుని, గిన్నె పట్టుకుని, తిన్నగా ముందుకొచ్చింది. ఎవరూ ఆపలేదు. గోధుమల గిన్నెతో వచ్చే విధవరాలిని మా ఊళ్లో ఎవడూ ఆపడు.

మేయరు కొత్తగా సోఫియా నుంచి వచ్చినవాడు, ఈ భాగోతమేదీ తెలీదు. గిన్నె చూడగానే పెంపకం కొద్దీ టోపీ తీసి, అరచెయ్యి చాపి, నోట్లో వేసుకుని, గంభీరంగా "దేవుడు క్షమించుగాక" అన్నాడు. నములుతూ, మర్యాదకి, "ఎవరి పేరునమ్మా?" అన్నాడు.

"మీరిప్పుడు పేరు పెడుతున్నారే, ఆయన పేరునే," అంది వెలికక్క, బ్యాండువాళ్లకి కూడా వినపడేలా.

మేయరు చప్పున పక్కకి తిరిగి మిరెవ్‌ని చూశాడు. దవడ ఆగిపోయింది. బతికున్న మనిషిని పక్కనే పెట్టుకుని, ఊరి ముందు, అధికారికంగా పూడ్చేశాడు. ఎవరో కిసుక్కుమన్నారు. ఆ తర్వాత ఇక ఆపడం ఎవడి తరమూ కాలేదు. బూరా ఊదేవాడు నవ్వాపుకోలేక బూరాలోకే నవ్వాడు, అదొక చప్పుడు. మిరెవ్ మొహం సున్నం కొట్టినట్టయింది. గుడ్డ లాగడం కూడా మరిచిపోయారు. ఎర్రగుడ్డ సాయంత్రం దాకా అలాగే వేలాడింది.

మర్నాడు పొద్దున స్టేషన్లో ఒక బండివాడు "గోధుమల వీధికి ఇద్దరు! గోధుమల వీధి!" అని అరిచాడు. నెల తిరక్కుండా ఊరంతా అదే. మిరెవ్ బండెక్కి "పనయోత్ మిరెవ్ వీధికి పోనీ" అంటే, "ఎక్కడయ్యా అది? గోధుమల వీధి పక్కనా?" అనేవారు, కావాలనే. చివరికి వాడే తన ఇంటికి పోవడానికి గోధుమల వీధి అనక తప్పలేదు. తర్వాత రోజుల్లో ఆ రేకు తీసి ఒక సేనాని పేరు పెట్టారు, అది తీసి ఇంకేదో పెట్టారు. ఏ పేరూ జనం నోటికి ఎక్కలేదు.

వెలికక్క శాంతించిందా? లేదు. ఆవిడకి కావాల్సింది ఒక్కమాట, అది రాలేదు. గోధుమలు ఆగలేదు. యుద్ధాలొచ్చాయి, కరువొచ్చింది. వాల్‌నట్లు లేని ఏడు వట్టి గోధుమలే పెట్టింది. గోధుమలు కూడా దొరకని చలికాలం ఇంటింటికీ తిరిగి తలో గుప్పెడు అడుక్కుని మరీ ఉడికించింది. జనం ఇచ్చారు. నా గుమ్మం మాత్రం ఎక్కలేదు.

మిరెవ్‌కి పక్షవాతం వచ్చి కుడిచెయ్యి పడిపోయాక, ఒకరోజు కూతురు దెస్పినాని పంపి వెలికక్కని మేడకి పిలిపించాడు. అప్పుడు నేను ఆ గదిలోనే పరంజా మీద ఉన్నాను, పైకప్పు అంచు బాగుచేస్తూ.

"వెలికా, అలిసిపోయాను. నీ మొగుడు తాగలేదు. ఇదిగో, చెప్పాను. ఇంక ఆపు," అన్నాడు మిరెవ్.

"చర్చి మెట్ల మీద చెప్పండి. కుర్చీతో సహా మోయించుకెళ్తా, నేనే ఒక పక్క పడతా."

"ఇక్కడ చెబితే చాలదా? సాక్షి కూడా ఉన్నాడుగా, అడుగో గెన్కో."

వెలికక్క తలెత్తి చూసింది. "వాడి సాక్ష్యం ఎలా ఉంటుందో ఒకసారి చూశాను," అంది. ఆవిడ మెట్లు దిగి వెళ్లిపోయింది. శనివారం ఎప్పటిలాగే గిన్నె వచ్చింది.

గోధుమలు మొదలైన పంతొమ్మిదో ఏడు, మంచు కురుస్తుండగా మిరెవ్ నిజంగానే పోయాడు. ఆ మాట చెప్పకుండానే. దెస్పినా మంచిపిల్ల, తండ్రి చేసినదానికి ఆమేం చేస్తుంది. అంత్యక్రియల నాడు చర్చి వాకిట్లో, తండ్రి శవపేటిక పక్కన, వెండిగిన్నెతో నిలబడి గోధుమలు పంచబోయింది. ముందు బండివాడి దగ్గరికి వెళ్లింది. వాడు టోపీ తీశాడు గానీ చెయ్యి చాపలేదు.

"మీ నాన్నగారివి మేం తిన్నామమ్మా. పంతొమ్మిదేళ్లు తిన్నాం. క్షమించమని దేవుణ్ణి అడిగి అడిగి నోరు నొప్పి పుట్టింది. ఇంక మావల్ల కాదు," అన్నాడు.

పక్కవాడూ అంతే, మరియోలా అంతే. వద్దనకూడని చోట వీధి వీధంతా వద్దంది. దెస్పినా ఏడుస్తూ నిండుగిన్నె పట్టుకుని నిలబడిపోయింది. వెలికక్క మెట్ల పక్కన నిలబడి చూస్తోంది. మొహంలో జాలి లేదు. ఉందని చెబితే నా కళ్లు పోతాయి.

అప్పుడు నేను మెట్లెక్కాను. కాళ్లు వాటంతటవే ఎక్కాయి. "దోబ్రి తాగలేదు," అని అరిచాను. "ఆ పలక పుచ్చిందని నాకు తెలుసు. మిరెవ్‌కి చెప్పాను. చచ్చినవాడి చొక్కా మీద మిరెవ్ సారా ఒంపుతుంటే చూశాను. మేజిస్ట్రేటు ముందు అబద్ధం చెప్పాను. దోబ్రి ఏనాడూ చుక్క ముట్టలేదు!"

ఒకావిడ ఏడ్చింది. నాకు గుండెల మీంచి బండ దిగినట్టే అనిపించింది. దిగి వెలికక్క ముందు నిలబడ్డాను. ఆవిడ జుట్టు పూర్తిగా తెల్లబడింది.

"నువ్వు భయపడాల్సినవాడు ఆ పెట్టెలో ఉన్నాడు కాబట్టి నీకు నోరొచ్చింది. అంతేగా?" అంది.

"అంతే అక్కా."

"నిజమే చెప్పావు. మొదటిసారి," అని ఇంటిదారి పట్టింది.

పగ తీరిందనుకున్నాను. ఆ శనివారం పొద్దున తలుపు తీసేసరికి వీధి మూల గిన్నెతో నిలబడి ఉంది. ఒక్కొక్కరికే పెట్టుకుంటూ వచ్చింది. మా గుమ్మం ముందుకొచ్చి పంతొమ్మిదేళ్లలో మొదటిసారి ఆగింది. చెంచా నిండా తీసి నా వంక చాపింది. నా చెయ్యి దానంతటదే లేచింది. గింజలు అరచేతిలో వెచ్చగా పడ్డాయి.

"గెన్కో పేరున," అంది.

వీధిలో అందరూ వింటున్నారు. నేను తిన్నాను. "దేవుడు క్షమించుగాక" అన్నాను. నా పక్కనున్న స్తోయ్నా చెయ్యి చాపింది, తీసుకుంది, తిని అదే మాట అంది.